చేపల తొట్టి స్టాండుకు మూడో కన్నం

జూలై 14, సోమవారం
నిర్ణయం! చేపల తొట్టి వెనక వేలాడే పైపులన్నీ స్టాండులోకి దించేస్తాను. నా చేతులతోనే! ఫిల్టరు డబ్బా కింద అరలోకి. పైపులు వెనక చెక్క కన్నాల్లోంచి. బావమరిది చినబాబును పిలిచే ప్రసక్తే లేదు. కిరండూల్లో వెల్డింగు చేస్తాడని ప్రతి మేకుకీ వాణ్ణే పిలవాలా?

నియమాలు: తొట్టి ఖాళీ చేసి, కిందికి దించాకే డ్రిల్లు. కాళ్ళు, అడ్డబద్దలు ముట్టుకోకూడదు, బరువంతా వాటిమీదే. కరెంటు వైరు నీళ్ళకు దూరం.

గ్రేసీ చదివింది. "బాగానే రాసేరు. నా చేపలకేటైనా అయితే తొట్టి మా తమ్ముడింటికి పోద్ది. సెప్తన్నాను."

పెళ్ళాం మాటంటే మాటే. డ్యూటీ నుంచి వచ్చి ఆ చేపల ముందు కూర్చుంటే గాని నాకు అన్నం దిగదు. జాగ్రత్త!

జూలై 16
జగదల్‌పూర్ వెళ్ళి పైపు కొన్నాను. దుకాణం ముకేష్ అన్నాడు: "క్లిప్పులు కూడా తీస్కోండి భయ్యా, లేకుంటే పైపు జారుతది." అమ్ముకునేవాడు ఏదైనా చెప్తాడు. వద్దన్నాను.

జూలై 18
వాన. చిన్న సవరణ: తొట్టి దించక్కర్లేదు, సగం నీళ్ళు తీస్తే చాలు. నియమాలకేం, నడుం నాది.

కన్నం వేశాను. పక్కకు పోయింది. ఇంకోటి వేశాను. బాగుంది. మరోటి వేశాను. అదీ బాగుంది. మొత్తం మూడు. ఒకటి గాలికి.

గ్రేసీ: "ఓలమ్మో! ఇది స్టాండా, జల్లెడా?"

జూలై 20
ఘాట్‌లో కొండరాళ్ళు పడి లైను బంద్. ఇనప ఖనిజం గూడ్సులు లేవు. దంతెవాడ స్టేషన్లో పాయింట్స్‌మన్‌కు, అంటే నాకు, పనే లేదు. మంచి సమయం!

పైపు పొడుగ్గా ఉంటే వేలాడుతుందని కత్తిరించి, కర్రలా నిటారుగా బిగించాను. నీళ్ళు నింపాను. చుక్క కారలేదు!

జూలై 22
ఇవాళా చుక్క లేదు. చినబాబుకు ఫోటో పంపాను. జవాబు: "బావా, పైపుకి కూసింత లూజు ఇవ్వాల్సింది." కుళ్ళు!

జూలై 23
లైను తెరిచారు. మొదటి లోడు గూడ్సుకు పచ్చ జెండా నేనే చూపించాను. గర్వంగా చూపించాను.

మా క్వార్టరు పట్టాల పక్కనే. లోడు బండి వెళ్తే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. ఏళ్ళ తరబడి విని విని ఇప్పుడు మాకు వినపడదు. నేను తొట్టిని పరీక్షించిన రోజుల్లో ఒక్క గూడ్సూ నడవలేదన్న సంగతి జెండా చేతిలో ఉండగా గుర్తొచ్చింది! ఇల్లు పట్టాలకు అటు. నేను ఇటు. మధ్యలో బండి. తరగదే! గార్డు డబ్బా దాటేదాకా జెండా దించకూడదు.

బండి దాటింది. ఫోను మోగింది.

"ఏవండీ, పైపూడిపోనాది! ఇల్లంతా నీళ్ళే!"

"చేపలో?"

"పప్పు కుక్కర్లో ఈదతన్నాయి!"

జూలై 24
చినబాబు వచ్చాడు. రెండు క్లిప్పులు, వదులుగా వంచిన పైపు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. మూడో కన్నంలో వేలు పెట్టి, "ఇదెందుకు బావా?" అన్నాడు.

"గాలికి."

"తొట్టి పట్టికెళ్ళిపోరా" అంది గ్రేసీ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. వాడు నా మొహం చూశాడు.

"మా ఇల్లు పట్టాలకి ఇంకా దగ్గరక్కా. ఇక్కడే ఉండనీ."

పచ్చి అబద్ధం. వాడింటి దగ్గర రైలు కూత కూడా వినపడదు. ఆ వెల్డింగు చేతులు పట్టుకుని ఊపేయాలనిపించింది. గ్రేసీ మాత్రం ఊరుకోలేదు. "అయితే ఈ డ్రిల్లు పట్టికెళ్ళిపో!"

పట్టుకుపోయాడు.

జూలై 27
తొట్టి లైటు వైరు బయట వేలాడుతోంది. చూడ్డానికి ఎంత అసహ్యం! మూడో కన్నం ఖాళీగానే ఉంది కదా?

నిర్ణయం! వైరు అందులోంచి లాగుతాను. నా చేతులతోనే! ఈసారి తొట్టి దించాకే. పరీక్ష మాత్రం లోడు గూడ్సు వెళ్తుండగానే. చినబాబును పిలిచే ప్రసక్తే లేదు.

ప్లగ్గు కన్నంలో పట్టడం లేదు. చినబాబుకు ఫోను చేశాను. డ్రిల్లు పంపమని మాత్రమే.