కారు కింద నీ క్యారియర్

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మద్రాసు కంపెనీ ఏజెంటు మన రిపేరు షెడ్డుకి నమూనా కారు తెచ్చాడు. చాలా ఖరీదైనది, లోపలంతా మెత్తటి సీట్లు. వచ్చే ఏడు తయారీ మొదలుపెడతారట.

"మీ కోట ఊరి వైపు ఎవరైనా కొంటారా మేస్త్రీ?" అని అడిగాడు.

నీ రెండు గిన్నెల క్యారియర్‌ని కారు కిందికి తోశాను. అది దూరని కారు మన గతుకులకు పనికిరాదనేవాడివి. దూరలేదు.

"ఈ క్యారియరు దూరేంత ఎత్తు లేపించండి సార్. ఇక్కడి మిల్లు ఓనర్లంతా కొంటారు. పూచీ నాది," అన్నాను.

ఇంజనీర్లకు చూపిస్తానని క్యారియర్ ఇమ్మన్నాడు. దాని ఎత్తుకు దారం కొలిచి, తుంచి ఇచ్చాను. వదిన ఇప్పుడు నాకు అన్నం పంపేది ఆ క్యారియర్‌లోనే.