వందనాలయ్యాక

ఫిబ్రవరి 14, 1984, మంగళవారం

హీబ్రూ ఈవెనింగ్ క్లాసులో ఈ రోజు రెండు గంటలూ ఒకటే మాట. వెఅత్తా. "ఇక ఇప్పుడు" అని అర్థం. మన తెలుగు బైబిల్లో ఒకచోట "కాబట్టి", ఇంకోచోట "ఇప్పుడు". పాతకాలం ఉత్తరాల్లో వందనాలు, క్షేమసమాచారాలు అయ్యాక ఈ మాట వేసి అసలు సంగతికి వచ్చేవారట. అక్కడిదాకా జరిగింది చెబుతారు, అక్కణ్ణించి చెయ్యాల్సింది అడుగుతారు అని టీచర్ మిసెస్ కాట్జ్ అన్నారు.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఈ మాట ఎవరికీ రాదు. వందనాలతోనే పొద్దు గడిచిపోతుంది.

ఫిబ్రవరి 19, ఆదివారం

చర్చిలో చూస్తే, మా సంఘం అమ్మాయి లూసీకి మోచేతి పైన కమిలి ఉంది. మంచులో జారానంది. మంచుకి వేళ్లుంటాయా? బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి అడిగాను. మొగుడు రాజ్ కొట్టాడట. మొదటిసారి కాదట. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉందక్కా, వీసా ఆయన మీదే, ఇక్కడ నాకెవరున్నారు అని ఏడ్చింది.

సంఘ పెద్ద సామ్యూల్ గారికి చెప్పాను. ఒక సహోదరి కుటుంబంలో శాంతి సమాధానాల కోసం అని ప్రార్థన చేయించారు. ఆ సహోదరి ఎవరో అందరికీ తెలుసు. అందరం కళ్లు మూసుకున్నాం. తర్వాత చికెన్ పులావు తిన్నాం. నేనూ తిన్నాను. సిగ్గేసింది.

ఫిబ్రవరి 23

లూసీని మా ఇంటికి తెచ్చుకుందామంటే రాజ్ ఉండేది మా బిల్డింగ్‌లోనే. అయినా అది వాళ్ల ఫ్యామిలీ మేటర్, మనం ఇన్వాల్వ్ కావద్దు అని జోసఫ్ అన్నాడు. నా మొగుడే. కుక్కర్ మూత విసిరికొట్టాను.

ఫిబ్రవరి 25

లూసీకి ఫోన్ చేశాను. రేపు చర్చిలో అందరి ముందూ అడుగుతానన్నాను. నా పేరు చెప్పెయ్యక్కా అంది.

ఫిబ్రవరి 26, ఆదివారం

రాజ్ ఆమెను చర్చి దగ్గర దింపి డ్యూటీకి వెళ్లిపోయాడు.

మా దగ్గర ఆడవాళ్లు వాక్యం బోధించకూడదు. సాక్ష్యం చెప్పొచ్చు. జబ్బు చేసింది, దేవుడు బాగుచేశాడు, వందనాలు అని కూర్చోవాలి. నా ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆమెన్ అన్నారు. నేను కూర్చోలేదు. ఇక ఇప్పుడు అన్నాను. లూసీని రాజ్ కొడుతున్నాడు, ఆమె ఈ రోజు ఆ ఇంటికి వెళ్లకూడదు, ఒక గది కావాలి, ఎవరిస్తారు అని అడిగాను.

సామ్యూల్ గారు లేచారు. అది సాక్ష్యం కాదు సిస్టర్, ప్రేయర్‌లో పెడదాం అన్నారు. పోయిన వారం పెట్టాం కదండీ అన్నాను. నిలబడే ఉన్నాను.

ముందు వరసలో దేవకుమారి గారు లేచారు. సామ్యూల్ గారి భార్య. సంఘంలో ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది, పదమ్మా లూసీ అన్నారు. భర్త వైపు చూడనైనా చూడకుండా కోటు వేసుకున్నారు.

ఫిబ్రవరి 27

దేవకుమారి గారు ఫోన్ చేశారు. లూసీ ఇంకా నిద్రపోతోందట. రాజ్ వచ్చి గొడవ చేస్తే ఎలా అని అడిగాను. ఆ గదికి లోపల గట్టి గడియ ఉందిలేమ్మా, ఎప్పుడో నా కోసమే పెట్టించుకున్నాను అని ఫోన్ పెట్టేశారు.