ప్లగ్గు పీకకండి

ఏవండీ,
ముదినేపల్లి వెళ్తున్నాను, పింకీ వాళ్ళింటికి. ముందు టేప్ డ్రైవ్, తర్వాతే కంప్యూటర్ ఆన్ చేయండి. టేపు కొంచెం తోస్తే చాలు, మిగతాది అదే లాక్కుంటుంది. లైటు మిణుకుతున్నంతసేపూ రెండో డిస్కులో మిగిలిన పెళ్ళి వీడియోలు టేపుకి ఎక్కుతున్నట్టు. ఆగాకే తీయండి.

నిన్న దాని రొదకి మ్యాచ్ వినబడట్లేదని ప్లగ్గు పీకేశారు. కంప్యూటరూ ఆగిపోయింది. అసలే పాడవుతున్న డిస్కు, మళ్ళీ తెరుచుకోలేదు. నేను తీసిన పింకీ పెళ్ళి వీడియో మొత్తం పోయింది. వాళ్ళ తాతయ్యగారు అక్షింతలు వేసింది అందులోనే ఉంది. ఆయన కిందటి నెల కాలం చేశారు.

"ఎలా పోయిందండీ ఆంటీ?" అని ఫోన్లో ఏడ్చింది. మీ పేరు చెప్పలేక "కరెంటు పోయిందమ్మా" అన్నాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అదే అబద్ధం మళ్ళీ ఆడలేను. నిజం చెప్పేస్తాను.
ప్రసూన

పులుసు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తినండి. పింకీ ఫోన్ చేస్తే మీరే ఎత్తాలి.