బాపు రైఫిల్, కొత్త తూటాలు

ఆదివారం, చేవెళ్ల

బాపు పోయాక ఆయన పాయింట్ టూ టూ రైఫిల్ లైసెన్సు నా పేరుకు మారింది. మక్క చేనులోకి అడవి పందులు వస్తే, వాటిని బెదరగొట్టడానికి ఆయన గట్టు మట్టిలోకి పేల్చేవాడు. ఆ చప్పుడు ఒక్కసారి వినాలని కొత్త తూటాలు కొన్నాను. ముందు మొయినాబాద్‌లో తుపాకులు బాగుచేసే యూసుఫ్ అన్నకు చూపించాను.

ఆయన తూటా వెనక గొట్టాన్ని మూసే బోల్టు కదిలించి చూసి, రైఫిల్‌ను పక్కన పెట్టేశాడు.

"పేల్చకు చెల్లె. ఇది పాత తూటాలకు చేసింది. ఇప్పటి వాటి ప్రెషర్ ఎక్కువ. బోల్టు లూజున్నది. తూటా అంచు పగిలితే మంట ఎనకకొచ్చి నీ కంట్ల కొడతది."

"తక్కువ ప్రెషర్‌వి దొరికితే?"

"అయినా నాకు నమ్మకం లేదు. మీ బాపుకు గూడ గిట్లనే చెప్పిన. అప్పటికెల్లి ఆయన పేల్చలే."

నేనేమో ముసలితనం వచ్చి మానేశాడనుకున్నాను. తూటాలు దుకాణంలో తిరిగి ఇచ్చేశాను. ఇక ఎవరూ పేల్చకుండా బోల్టు యూసుఫ్ అన్న దగ్గరే ఉంచి, దాని గురించి లైసెన్సు ఆఫీసులో ఏం చెప్పాలో ఆయన్నే అడిగి వచ్చాను.

చిన్నప్పుడు చప్పుడు వినగానే నేను ఉలిక్కిపడి లేచేదాన్ని. వెంటనే చేనులోంచి, "ఏం లేదు బిడ్డ, పండుకో" అని బాపు కేకేసేవాడు.

ఈ రైఫిల్ బాగున్నా, పేల్చాక ఆ కేక ఎక్కడి నుంచి వస్తుంది...