ఎనభై ఏడో దొంగతనం

కొలంబస్, ఒహాయో
1891 మే 11, సోమవారం

గౌరవనీయులైన డెనిస్ టైర్నీ గారికి,

మా అమ్మ ఆశీస్సులు, నా నమస్కారాలు, మా వంటింటి పిల్లి అలక, మూడూ అందుకోగలరు. మేము క్షేమం. ఏడాదిన్నర తర్వాత మీ కార్డు వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకునేలోపు నేనే రెండుసార్లు చదివేశాను. ఉన్నవి మూడే ముక్కలు. గురువారం మీ కొత్త జట్టుతో ఇక్కడికి బేస్‌బాల్ ఆడటానికి వస్తున్నారట, బస హోటల్లోనట, ఇక్కడి మీ చివరి ఆట స్కోరు రాసినవాడెవడో తెలిస్తే పేరు పంపమన్నారు. మేమెలా ఉన్నామని మాత్రం అడగలేదు.

మీ గదిలో ఇప్పుడు పియానోలు శ్రుతి చేసే ఆయన అద్దెకుంటున్నాడు. మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు దిగుతాడు. మీరు మూడేసి మెట్లు దూకుతుంటే, "ఇల్లు కూలుస్తావా నాయనా, నీ దొంగతనాలు మైదానంలో చేసుకో" అని అమ్మ అరిచేది. ఇప్పుడు ఇంట్లో చప్పుడే లేదని ఆవిడే సణుగుతోంది. నాకూ ఏమీ తోచదు. పేపరు రాగానే ముందు మీ పేరు పక్కన ఈ ఏడు మీరు దొంగిలించిన బేసుల అంకె చూస్తాను. నిన్నటికి పదకొండు.

ఆ చివరి ఆట రోజు భోజనాల బల్ల దగ్గర మీరు చేసిన రభస ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఫోగర్టీ కొట్టిన దెబ్బకి ఎవడైనా రెండో బేసుదాకా వస్తాడు. నేను మూడోదాకా లాగించాను. ఆ పైది దొంగిలించినట్టు రాయాలా వద్దా? ఆ స్కోరు రాసే ముసలాడికి కళ్ళు పోయాయా?" అన్నారు. ఫీల్డరు తడబడి ఉంటాడు, అలాగైతే దొంగతనం లెక్కలోకి రాదుగా అన్నాడు, మీ పక్కనే భోంచేస్తున్న మీ జట్టు ఫోగర్టీ. తడబడితే నేనే ఒప్పుకునేవాణ్ణని మీరు. "నువ్వా? అవుటైనా ఒప్పుకోవు" అని అతను. అందరూ నవ్వారు. నేను మాత్రం మీ కంచంలో ఇంకో రెండు బంగాళాదుంపలు వడ్డించాను. ఆ ఏడాది మొత్తం దొంగిలించిన బేసులు మీకు ఎనభై ఆరు, అవతలి ఊరి జట్టు ఆటగాడికీ ఎనభై ఆరు. ఆయన ఆడిన ఆటలు తక్కువని పేపర్లన్నీ ఆయన పేరే పైన వేశాయి. వారం తిరక్కుండా మీరు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆటగాళ్ళు మీద పడతారని క్లబ్బు స్కోరరు పేరు ఎవరికీ చెప్పదు. మీకూ తెలుసు.

నాకూ ఒకటి అడగాలనుంది. ఆ పరుగుకి ముందు, మొదటి బేసు మీద నిలబడి, మీరు మేం కూర్చున్న స్టాండు వైపు చూసి టోపీ తాకారు. అమ్మ పక్కన కూర్చున్న గెర్ట్రూడ్ పిన్ని ఆ మర్యాద తనకేనని ఈనాటికీ చెప్పుకుంటోంది. అరవై ఏళ్ళావిడ, కాదనే ధైర్యం మాకెక్కడిది? అది ఎవరికో మీరే చెప్పాలి.

గురువారం అమ్మ ఆపిల్ కేకు చేస్తానంటోంది. కిటికీ పక్కన మీ కుర్చీలో నేను ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మీరు లేక బెంగగా ఉంది. ఈ మాట రాయకూడదనుకుంటూనే రాశాను.

ఇట్లు,
మిన్నా కెస్లర్

తా.క. పేరు అడిగారు కదా. నా అల్లిక సంచిలో ఊలు ఉండల కింద మూడేళ్ళుగా ఉంటున్నది స్కోరు పుస్తకం. అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. చూసింది రాయి, చూడనిది రాయకు అని క్లబ్బు ప్రెసిడెంటు నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ రోజు మీరు టోపీ తాకగానే సిగ్గేసి తల దించేశాను. బంతి కొట్టిన చప్పుడైతే విన్నాను. తల ఎత్తేసరికి మీరు మూడో బేసు మీద దుమ్ము దులుపుకుంటున్నారు. ఫీల్డరు తడబడ్డాడో, మీరే ఆ బేసు దొంగిలించారో నేను చూడలేదు. పక్కవాళ్ళని అడిగితే గుట్టు బయటపడుతుంది. అందుకే రాయలేదు. గురువారం కూడా అదే చోట కూర్చుంటాను. టోపీ తాకితే ఈసారి తల దించను.