నా కంప్యూటర్ కోర్సు మహిమ

2002 జూలై, మంగళవారం రాత్రి

అమ్మ మా లాల్‌దర్వాజా బస్తీ అంతా చాటిన ప్రకారం నేను రోజూ కంప్యూటర్ కోర్సుకు వెళ్తున్నాను. నిజానికి వెళ్లేది మానసిక వైద్యుల క్లినిక్‌కి. మధ్యాహ్నం దాకా మందులు, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడాలు, తర్వాత ఇంటికి. ఇంతవరకూ కీబోర్డు ముట్టిన పాపాన పోలేదు.

సాయంత్రం ఇంటి ఓనరు లక్ష్మి ఆంటీ మెట్ల మీద ఆపింది.

"ఎండకాలంల ఎట్లుంటివి బిడ్డా, అన్నం గూడ ముట్టకపోదువు. గా కోర్సుకు పోయినంక మస్తు మంచిగైనవ్. మా కవితను గూడ తోల్కపో. ఇంటర్ తప్పినకాన్నుంచి తలుపేసుకునే ఉంటున్నది. నిన్ననైతే, 'నేను లేకుంటే మీకు ఏ బాధ, ఫికరు ఉండదు' అన్నది."

ప్రతి మాటకూ జోకు సిద్ధంగా ఉంచుకునే మహానుభావుణ్ణి నేను. ఈసారి మాత్రం నేరుగా వంటింట్లోకెళ్లి, ఆంటీకి నిజం చెప్పేస్తానన్నాను అమ్మతో.

"నిజం చెప్పావంటే రేపే ఇల్లు ఖాళీ చేయిస్తారు" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"కవిత అన్న మాటే నేనూ అన్నాను కదమ్మా, నీతోనే."

అమ్మ గరిటె కింద పెట్టేసింది.

పైకెళ్లి ఆంటీకి అంతా చెప్పేశాను. ఆమె అంతా విని తలుపేసుకుంది.

ఇది రాస్తుంటే పైన కవిత గది తలుపు కొడుతున్న చప్పుడు. "తియ్యి బిడ్డా, తిడ్తలేను" అంటోంది ఆంటీ. చాలాసేపటికి గొళ్లెం తీసిన శబ్దమైంది. మాటలు మాత్రం వినబడటం లేదు.

అమ్మా నిద్రపోలేదు. చీకట్లోంచి అడిగింది:

"రేపు రెండు టిఫిన్ బాక్సులు కట్టమంటావా?"