స్పానిష్ వాళ్ళ గది

ఫల్ఫూరియస్, టెక్సస్

అమ్మడు నెరీదాకి చిన్నతాత యుసెబియో దీవించి రాసేది:

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. మేక కాలికి కట్టు మార్చాలి. (దాన్ని నాకు అంటగట్టింది మా తోడల్లుడు; ఆయన కథ మొదలుపెడితే కాగితం చాలదు.) కానీ మీ అమ్మ చెప్పింది విన్నాక నిద్రపట్టలేదు. యూనివర్సిటీలో, ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళని ఏరి వేరే గదిలో కూర్చోబెట్టారట. ఆ గది నాకు తెలుసు. బళ్ళో స్పానిష్ మాట నోరు జారితే మమ్మల్నీ అలాగే కూర్చోబెట్టి చెక్కబద్దతో కొట్టేవాళ్ళు. నిన్ను పట్టించిందెవరో రాయి.

నీ మేలు కోరే,
చిన్నతాత

తా.క. నేను మాట్లాడింది కూడా లేదు. తుమ్మాను. మాస్టారికి అది స్పానిష్‌లో తుమ్మినట్టు వినిపించింది.

*

శాన్ ఆంటోనియో

చిన్నతాతగారికి నమస్కారాలు.

ఎవరూ పట్టించలేదు, నేనే చేరాను. అది శిక్ష కాదు, తరగతి. ఇంట్లో విని నేర్చుకున్నవాళ్ళకి చదవడం, రాయడం నేర్పుతారు. అమ్మమ్మ ఏమన్నా నాకు అర్థమవుతుంది. నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తుంది. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు ఇంక చూడలేను. వేసవికల్లా ఆవిడతో పోట్లాడేంత స్పానిష్ రావాలి నాకు.

మీ మనవరాలు,
నెరీదా

తా.క. ఈ ఉత్తరం స్పానిష్‌లో రాయడానికి ఆదివారమంతా పట్టింది. ఎర్రసిరా దిద్దుబాట్లు మా టీచరమ్మ ఒర్నెలాస్ గారివి.

*

అమ్మడూ,

నీ అంతట నువ్వే చేరావని నీ చేతే రాయించారన్నమాట. మా చేతా రాయించేవాళ్ళు, 'ఇక స్పానిష్ మాట్లాడను' అని, బోర్డు నిండా. పైగా ఉత్తరాలు తనిఖీ చేసి పంపిస్తున్నారు. ధైర్యంగా ఉండు. ఆ గది మూతపడాలని గ్వాదలూపే మాతకి కొవ్వొత్తి వెలిగించాను.

నీ వెనకే ఉన్న,
చిన్నతాత

తా.క. టీచరమ్మ ఇది చదువుతుంటే: అమ్మా, మేమంతా ఇక్కడ ఇంగ్లీషే మాట్లాడుకుంటాం. మేక కూడా.

*

చిన్నతాతా,

ముందు ఆ కొవ్వొత్తి ఆర్పెయ్యండి. శుక్రవారంలోగా ఇంకొక్కరు చేరకపోతే తరగతి రద్దంటూ నోటీసు అంటించారు. హాస్టల్లో మనవాళ్ళ తలుపులన్నీ కొట్టాను. "మాకు వచ్చుగా" అని కొందరు, "రాదు, సిగ్గు" అని కొందరు. అయినా వదలను. క్యాంటీన్‌లో కాపు వేస్తాను.

కోపంగా,
నెరీదా

తా.క. నన్ను విడిపించడానికి బస్సెక్కుతున్నారని అమ్మ చెప్పింది. రావద్దు.

*

నెరీదా,

వచ్చాను. జనాన్ని పట్టుకోవడానికి నువ్వు తరగతే ఎగ్గొట్టావట, అందుకే ఈ కాగితం నీ తలుపు కింద తోస్తున్నాను. దెబ్బలాటకి ఇంగ్లీషులో ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్ళాను. టీచరమ్మ స్పానిష్‌లో, "కూర్చోండి పెద్దాయనా, చాలా దూరం నుంచి వచ్చారు" అంది. తలుపు బార్లా తెరిచి ఉంది. గొంతు తగ్గించమన్నాను. ఎందుకని అడిగింది. చెక్కబద్ద సంగతి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

నా వయసువాళ్ళకి ఫీజు లేదట. ఆఫీసులో సంతకం పెట్టొచ్చాను. నీ తరగతి ఉంటుంది.

నీ సహాధ్యాయి,
యుసెబియో

తా.క. పాఠంలో ఒక పేజీ పైకి చదవమంటే లేచి నిలబడ్డాను. కూర్చునే చదవచ్చంది. కూర్చుని చదివాను.